పెద్ద క్రోషే దుప్పటి ముగింపు పనులు: తరచుగా అడిగే ప్రశ్నలు

చివరి గడి (విడిగా అల్లిన చదరపు ముక్క) అల్లేసిన రోజు దుప్పటి అయిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి ఆ రోజు మన ముందున్నది గళ్ల గుట్ట, వాటికి వేలాడే ఊలు కొసలు. నా మొదటి దుప్పటికి కొసలన్నీ ముడివేసి, ముడి దగ్గరే కత్తిరించేశాను. మూడోసారి ఉతికేసరికి నాలుగు చోట్ల గళ్లు విడిపోయి వేళ్లు దూరేంత కంతలు పడ్డాయి. ఏడు నెలలు అల్లిన దుప్పటి అది. అప్పటి నుంచి అల్లిక మీద ఎంత శ్రద్ధ పెడతానో ముగింపు మీదా అంతే పెడుతున్నాను. దుప్పటి ఎన్నేళ్లు ఉంటుందన్నది అక్కడే తేలుతుంది. అలా చేస్తూ నేర్చుకున్నవి, ఈ పని మధ్యలో ఉన్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేవి ఇక్కడ రాస్తున్నాను.

లెక్క చెప్పాల్సిన ప్రతిచోటా ఒకే దుప్పటిని ఉదాహరణగా తీసుకున్నాను. 12 సెంటీమీటర్ల గళ్లు, అడ్డంగా 12, నిలువుగా 15, మొత్తం 180. కలిపాక 144 సెం.మీ. వెడల్పు, 180 సెం.మీ. పొడవు వస్తుంది. కుట్ల పేర్లు అమెరికన్ పద్ధతిలోవి: సింగిల్ క్రోషే పొట్టి కుట్టు, హాఫ్ డబుల్ దానికంటే కొంచెం పొడవు, డబుల్ క్రోషే ఇంకా పొడవు. బ్రిటిష్ ప్యాటర్న్ చూసి అల్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: అమెరికన్ సింగిల్ క్రోషేనే అక్కడ డబుల్ క్రోషే అంటారు.

అల్లడం అయిపోయింది. ఏ పని ముందు, ఏది తర్వాత?

ముందుగా మిగిలిన ఊలు తూకం వేసి రాసిపెట్టుకోండి, బోర్డర్ దగ్గర ఆ అంకెతో పని పడుతుంది. తర్వాత గళ్లన్నీ నేల మీద పరిచి తప్పులు వెతకాలి. సైజుల్లో తేడా ఉంటే ఒక్కో గడినీ విడిగా తడిపి సరిచేయాలి. ఆపైన కొసలు దాచడం, గళ్లు కలపడం, బోర్డర్, చివరగా మొత్తం దుప్పటి ఉతికి ఆరబెట్టడం. ఒకే ముక్కగా వరుసల్లో అల్లిన దుప్పటైతే కలిపే పని ఉండదు, కొసల నుంచి నేరుగా బోర్డర్‌కి వెళ్లిపోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడకండి. కొస దాచాక చివర రెండు సెంటీమీటర్లు బయటికే వదిలి, దుప్పటి ఉతికి ఆరాకే కత్తిరించండి. తడిసి ఆరేటప్పుడు కుట్లు సర్దుకుంటాయి, వాటితోపాటు కొస కూడా కొంచెం జరుగుతుంది. ముందే దగ్గరగా కత్తిరించేస్తే ఆ జరుగుడికి కొస కుట్టులోంచి జారిపోతుంది.

కొసలు చూస్తేనే టెన్షన్‌గా ఉంది. ఎంత పని ఉంటుంది?

చాలానే ఉంటుంది, లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఒక్కో గడిలో రెండు రంగులుంటే నాలుగు కొసలు. 180 గళ్లకు 720. ఒక్కో కొసకు రెండు నిమిషాలు పట్టినా మొత్తం 24 గంటల పని. ప్రతి చుట్టుకీ రంగు మార్చి నాలుగు చుట్లు అల్లి ఉంటే కొసలు 1,440 అవుతాయి.

దీన్ని ఒక్క రోజులో తేల్చేద్దామని కూర్చోకండి. పూటకు ఇరవై గళ్లు అని పెట్టుకుంటే తొమ్మిది పూటల్లో అయిపోతుంది. ఇరవై లెక్కపెట్టి ఒక సంచిలో వేసుకోండి, ఆ సంచి ఖాళీ అయితే ఆ పూటకు చాలు. మిగిలిన గుట్టను కంటికి కనబడకుండా లోపల పెట్టండి. ఇంకా అల్లుతూనే ఉన్నవాళ్లయితే ఏ గడి కొసలు ఆ గడి అవగానే దాచేయండి. కొత్త రంగు మొదలుపెట్టినప్పుడు పాత కొసను కుట్ల మీద పడుకోబెట్టి దాని మీదుగా అల్లుకుపోవచ్చు కూడా. అలా చేసిన కొస గట్టిగానే ఉంటుంది కానీ, ఒక్కసారైనా సూదితో వెనక్కి తిప్పితే నాకు నమ్మకం.

ఊడిపోకుండా కొస ఎలా దాచాలి?

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఉతుకుల్లో దుప్పటి పాడవడం చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

కనీసం 15 సెం.మీ. కొస వదలండి. మొన మొద్దుగా ఉండి, బెజ్జం పెద్దదిగా ఉన్న ఊలు సూది తీసుకోండి. దుప్పటిని వెనక వైపుకు తిప్పి, అదే రంగు కుట్ల అడుగు భాగంలోంచి నాలుగైదు సెంటీమీటర్లు దూర్చి లాగండి. ఇప్పుడు చివరి కుట్టు చుట్టూ కొసను తిప్పి, వచ్చిన దారిలోనే వెనక్కి రండి. వెనక్కి వచ్చేటప్పుడు కుట్ల కింద నుంచి కాకుండా ఊలు పోగులను చీల్చుకుంటూ రావాలి. మూడోసారి మళ్లీ ముందుకి, వీలైతే ఈసారి పక్క వరుసలోకి. మూడు దిక్కులు మారిన కొసను ఏ వైపు నుంచి లాగినా మిగతా రెండు వైపులు పట్టుకుంటాయి. ఒకే దిక్కుగా పది సెంటీమీటర్లు దూర్చినా అంత బలం రాదు.

ప్రతిసారీ దూర్చాక ఆ చోటును అటూ ఇటూ సాగదీసి వదలండి. కొసను బిగించి లాగితే అక్కడ గడి ముడుచుకుంటుంది, లేదంటే దుప్పటి మొదటిసారి సాగినప్పుడు కొస బయటికి వస్తుంది. కాటన్ దారానికి, నున్నగా మెరిసే దారాలకి నాలుగోసారి కూడా తిప్పండి. వాటికి ఊలు మీద ఉండే నూగు ఉండదు, అందుకే సులువుగా జారతాయి.

ముడి వేసేస్తే తప్పేంటి?

ముడి వేయడం తప్పు కాదు. ముడి ఒక్కటే వేసి ఊరుకోవడం తప్పు. ముడి వాడకంలో మెల్లగా వదులవుతుంది, లేదా కుట్ల సందుల్లోంచి ముందు వైపుకు పొడుచుకొస్తుంది. జారే దారానికి భయమనిపిస్తే ముడి వేసి, ఆ తర్వాత కొస కూడా దాచండి.

కొస మరీ పొట్టిగా మిగిలింది, సూదిలోకి ఎక్కించడానికే రావట్లేదు.

సూదిని ముందు కుట్లలో దూర్చి, బెజ్జం కొస పక్కకు వచ్చాక అప్పుడు కొసను ఎక్కించి లాగండి. నాలుగు సెంటీమీటర్లున్నా పని జరుగుతుంది. అంతకంటే పొట్టిగా ఉంటే ఆ చుట్టులో రెండు మూడు కుట్లు విప్పి, కొత్త ఊలు కలిపి మళ్లీ అల్లడమే మంచిది. జిగురు పెట్టకండి, ఎండాక గట్టిపడి చర్మానికి గుచ్చుకుంటుంది.

గళ్లు అన్నీ ఒక సైజులో లేవు.

నెలల తరబడి అల్లినదానిలో ఇది మామూలే. మొదట్లో చెయ్యి బిగువుగా ఉంటుంది, పోనుపోను వదులవుతుంది. ముందు కుట్లు లెక్కపెట్టండి. నాలుగు పక్కలా కుట్ల సంఖ్య సమానంగా ఉంటే అర సెంటీమీటరు తేడా పెద్ద సమస్య కాదు. తడిపి, 12 సెం.మీ. కొలతకు పిన్నులు గుచ్చి ఆరబెడితే చాలావరకు సర్దుకుంటుంది, మిగిలినది కలిపేటప్పుడు కలిసిపోతుంది. ఒక సెంటీమీటరు దాటితే ఆ గడి చివరి చుట్టు విప్పి, ఒక సైజు పెద్ద లేదా చిన్న హుక్‌తో మళ్లీ అల్లండి.

కుట్ల లెక్కే తప్పితే మాత్రం బ్లాకింగ్ (ఇలా తడిపి, పిన్నులు గుచ్చి కొలతకు ఆరబెట్టడం) కాపాడదు. ఆ గడి విప్పాల్సిందే.

గళ్లు కలపడానికి ఏ పద్ధతి మంచిది?

మన ఉదాహరణ దుప్పటిలో కలపాల్సిన అంచులు 333. ఒక్కోటి 12 సెం.మీ. అంటే దాదాపు 40 మీటర్ల అతుకు. ఇంత దూరం చేయాల్సిన పని కాబట్టి అందంతోపాటు మీ ఓపిక కూడా చూసుకుని ఎంచుకోండి.

సూదితో, వెనక లూపులు (కుట్టు పైన కనబడే రెండు లూపుల్లో వెనకవి) మాత్రమే పట్టుకుని కుడితే అతుకు చదునుగా వస్తుంది, ఊలు తక్కువ పడుతుంది. కానీ సూదిలో ఊలు అరవై సెంటీమీటర్లకు మించి తీసుకుంటే రాసుకుని రాసుకుని పోగులు విడిపోతాయి. తక్కువ తీసుకుంటే మళ్లీ కొత్త కొసలు. హుక్‌తో స్లిప్ స్టిచ్ (అన్నిటికన్నా పొట్టి కుట్టు) వేస్తే గట్టిగా ఉంటుంది గానీ సాగదు. చెయ్యి బిగువైన వాళ్లు పెద్ద హుక్ వాడకపోతే అతుకు పొడవునా దుప్పటి ముడుచుకుంటుంది. సింగిల్ క్రోషేతో కలిపితే ముందు వైపు సన్నని గట్టు లేస్తుంది. కొంచెం సాగుతుంది, బలంగా ఉంటుంది, తప్పు పోతే క్షణంలో విప్పుకోవచ్చు. రోజూ కప్పుకునే దుప్పటికి నేను ఎంచుకునేది ఇదే. గట్టు కనబడకూడదనుకుంటే వెనక వైపు నుంచి కలపండి.

ఒక్కో గడీ విడిగా అతికించకుండా వరుసలుగా వెళ్లండి. ముందు అడ్డగీతలన్నీ, ఒక చివర నుంచి ఇంకో చివరకు ఊలు తెంపకుండా. అవి 14. తర్వాత నిలువు గీతలు, అవి 11. మొత్తం 25 గీతలు, ఊలు మధ్యలో అయిపోకపోతే 50 కొసలే. మొదలుపెట్టే ముందు గళ్లన్నీ పరిచి ఒక ఫోటో తీసుకోండి. ఒక్కో వరుసకు నంబరు చీటీ పెట్టి, గళ్లను వరుసలవారీగా దారానికి గుచ్చి పెట్టుకుంటే రంగులు తారుమారు కావు.

నాలుగు గళ్లు కలిసే చోట రంధ్రం పడుతోంది.

అడ్డగీత అల్లేటప్పుడు ఆ మూల దగ్గర ఊలును వదులుగా దాటిస్తున్నారన్నమాట. ఒక గడి మూల అయ్యాక ఒక్క గొలుసు కుట్టు వేసి, వెంటనే పక్క గడి మూలలోకి వెళ్లండి. నిలువు గీత అల్లుతూ అక్కడికి వచ్చినప్పుడు ఆ గొలుసు కుట్టును కూడా కలుపుకుని సింగిల్ క్రోషే వేయండి. ఇప్పటికే అంతా కలిపేసి ఉంటే, వెనక నుంచి సూదితో నాలుగు మూలలూ గుండ్రంగా గుచ్చి మెల్లగా దగ్గరికి లాగి కొస దాచేయండి.

ఎన్నో వరుసల వెనక తప్పు కనబడింది. విప్పాలా?

తప్పు కుట్ల సంఖ్యను మార్చిందా అని చూడండి. మార్చితే అక్కడి నుంచి దుప్పటి వెడల్పు మారిపోతూ ఉంటుంది, విప్పడం తప్పదు. కుట్ల లెక్క సరిగానే ఉండి, ఒకచోట ఒక రకం కుట్టుకు బదులు ఇంకో రకం పడి ఉంటే వదిలేయండి. రెండు అడుగుల దూరంలో నిలబడి చూడండి, వెతికితే తప్ప కనబడకపోతే అది మీకు మాత్రమే తెలిసిన తప్పు. ఎక్కడైనా లూప్ జారి ఉంటే మాత్రం వదలకూడదు. వెంటనే సేఫ్టీ పిన్ను పెట్టి, అదే రంగు ఊలుతో సూదితో పక్క కుట్టుకు కట్టేయండి.

వరుసల్లో అల్లిన దుప్పటి ఒక పక్క లోపలికి వాలింది.

వరుస చివరి కుట్టు తప్పిపోతూ వచ్చింది. తిరిగేటప్పుడు వేసిన గొలుసును కుట్టుగా లెక్కపెట్టాలా వద్దా అన్నదాంట్లోనే ఎక్కువమంది పొరబడతారు. తేడా రెండు మూడు సెంటీమీటర్లలోపే ఉంటే వాలిన పక్కన అటు నుంచి ఇటు అల్లుతూ, తగ్గిన చోట పొడవు కుట్లు, సరిగ్గా ఉన్న చోట పొట్టి కుట్లు వేసి ముందు అంచును నిటారుగా చేసుకోండి. దాని మీద బోర్డర్ అల్లితే తేడా కనబడదు. అంతకు మించితే తప్పు మొదలైన వరుస దాకా విప్పడమే. కష్టంగా ఉంటుంది, తెలుసు. విప్పిన ఊలు మళ్లీ అల్లుకోవడానికి పనికొస్తుంది.

బోర్డర్‌కి ఊలు సరిపోతుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

దుప్పటి అంచున 10 సెం.మీ. అల్లి చూడండి. విప్పి, ఎంత ఊలు పట్టిందో కొలవండి. 60 సెం.మీ. పట్టిందనుకుందాం. మన దుప్పటి చుట్టుకొలత 648 సెం.మీ., కాబట్టి ఒక చుట్టుకు దాదాపు 39 మీటర్లు. ఉండ లేబుల్ మీద 100 గ్రాములకు 200 మీటర్లు అని ఉంటే చుట్టుకు 20 గ్రాముల లోపే. వంటింటి తూకం మీద మిగిలిన ఊలు పెడితే ఎన్ని చుట్లు వస్తాయో తెలిసిపోతుంది. బయటికి వెళ్లే కొద్దీ ప్రతి చుట్టూ కొంచెం పెద్దదవుతుంది, మూలలకూ కొసలకూ కూడా ఊలు కావాలి. అందుకని లెక్కకు పదో వంతు ఎక్కువ పెట్టుకోండి.

బోర్డర్ అలలు అలలుగా లేస్తోంది. కొన్నిచోట్ల ముడుచుకుపోతోంది కూడా.

అలలు లేస్తే కుట్లు ఎక్కువయ్యాయి, గిన్నెలా ముడుచుకుంటే తక్కువయ్యాయి. వరుసల్లో అల్లిన దుప్పటికి పై అంచు, కింది అంచుల్లో ఒక కుట్టుకు ఒక కుట్టు, అక్కడ గందరగోళం లేదు. వచ్చే చిక్కంతా వరుసల చివరలు కనబడే పక్క అంచుల్లోనే. సింగిల్ క్రోషే వరుసకు ఒక కుట్టు, హాఫ్ డబుల్ అయితే రెండు వరుసలకు మూడు, డబుల్ క్రోషే అయితే వరుసకు రెండు అనుకుని మొదలుపెట్టండి. ఇవి ఆరంభానికి మాత్రమే. మీ చేతి బిగువును బట్టి మారతాయి. డబుల్ క్రోషేకి వరుసకు రెండు వేస్తే నాకు ప్రతిసారీ అలలు లేస్తాయి, అందుకే రెండు వరుసలకు మూడు వేస్తాను. మూలలో ఒకే కుట్టులో మూడు సింగిల్ క్రోషేలు వేయాలి, లేకపోతే మూల పైకి వంగిపోతుంది.

ప్రతి అర మీటరుకూ ఆగి దుప్పటిని నేల మీద పరచండి. ఒడిలో ఉన్నప్పుడు అంతా బాగున్నట్టే ఉంటుంది. మొదటి చుట్టు చదునుగా కూర్చుంటే మిగతా చుట్లన్నీ దాని మీదే నిలబడతాయి, అందుకే ఈ ఒక్క చుట్టుకు రెండుసార్లు విప్పాల్సి వచ్చినా విప్పండి.

ఎలాంటి బోర్డర్ బాగుంటుంది?

రంగురంగుల గళ్లకు ఒకే రంగులో మూడు నాలుగు చుట్ల సింగిల్ క్రోషే చాలు. ఆ పైన క్రాబ్ స్టిచ్ (వెనక్కి వెళ్తూ అల్లే సింగిల్ క్రోషే) ఒక చుట్టు వేస్తే అంచు తాడు పేనినట్టు గట్టిగా నిలుస్తుంది. కుడిచేతి వాటం వాళ్లు దాన్ని ఎడమ నుంచి కుడికి అల్లాలి, చెయ్యి అలవాటు పడడానికి మొదటి ఇరవై కుట్లు పడుతుంది. శంఖాల అంచు కావాలంటే ప్యాటర్న్ ఎన్ని కుట్ల గుణిజమో చూసుకోండి. ఆరు కుట్లకు ఒక శంఖం అయితే, ఒక పక్క 298 కుట్లు ఉన్నప్పుడు ముందు చుట్టులోనే రెండు కుట్లు దూరం దూరంగా పెంచి 300 చేసుకోవాలి. రెండూ ఒకేచోట పెంచితే ఉబ్బు కనబడుతుంది.

అదే రంగు కొన్నాను, కానీ పక్కపక్కన పెడితే తేడాగా ఉంది.

ఇది వేరే డై లాట్. ఒకే రంగు నంబరైనా వేర్వేరు విడతల్లో అద్దినప్పుడు ఛాయ మారుతుంది. దుప్పటి మధ్యలో వాడితే ఆ గీత ఎప్పటికీ కనబడుతుంది. బోర్డర్‌కి మొత్తంగా కొత్త లాటే వాడండి, లేదా పూర్తిగా వేరే రంగు తీసుకోండి.

ఇంత పెద్దదాన్ని బ్లాకింగ్ ఎలా చేయాలి? అంత చోటు లేదు.

మంచం చాలు. పరుపు మీద నీళ్లు దిగని షీటు వేసి, దాని మీద పొడి తువ్వాళ్లు పరచండి. గోరువెచ్చని నీళ్లలో దుప్పటిని పావుగంట నానబెట్టి, పిండకుండా నొక్కి నీళ్లు తీసేయండి. తువ్వాళ్లలో చుట్టి, ఆ చుట్ట మీద మోకాళ్లతో నొక్కితే మిగిలిన నీరు చాలావరకు పోతుంది. తడి దుప్పటిని ఒక చివర పట్టుకుని ఎత్తకండి, తీగ మీద వేలాడదీయకండి. నీటి బరువుకు కుట్లు సాగిపోతాయి, కాటన్ అయితే మరీ ఎక్కువ. రెండు చేతుల మీద పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తాలి.

పరిచాక ముందు నాలుగు మూలలకు, తర్వాత ప్రతి పక్క మధ్యలో, ఆపైన వాటి నడుమ తుప్పు పట్టని పిన్నులు గుచ్చండి. మూలలు వంకర లేకుండా ఉన్నాయో లేదో కంటితో తేల్చుకోలేం, మూల నుంచి మూలకు రెండు కర్ణాలు కొలవండి. 144, 180 సెంటీమీటర్ల దుప్పటికి రెండూ దాదాపు 230 రావాలి. ఫ్యాన్ పెట్టి, పూర్తిగా ఆరేదాకా కదపకండి. మందపాటి కాటన్‌కి రెండు రోజులు పట్టొచ్చు.

గొర్రె బొచ్చుతో చేసిన అసలైన ఊలును వేడినీళ్లలో పెట్టి రుద్దకూడదు. దాని పోగుల మీద ఉండే పొలుసులు వేడికీ రాపిడికీ ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి, దుప్పటి దళసరిగా కుంచించుకుపోతుంది. అలా అయినదాన్ని మళ్లీ వెనక్కి తేలేం.

నాది అక్రిలిక్. ఇస్త్రీ చేయొచ్చా?

ఇస్త్రీ పెట్టె ఆనించకూడదు. అక్రిలిక్ ఒక రకం ప్లాస్టిక్, వేడికి మెత్తబడుతుంది. నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకుని ఆవిరి మాత్రం వదలండి, చేత్తో సర్ది చల్లారనివ్వండి. ఆవిరి ఎక్కువైతే దుప్పటి స్ప్రింగు గుణం పోయి వేలాడిపోతుంది, మళ్లీ రాదు. చిన్న ముక్క అల్లి దాని మీద చూసుకోకుండా దుప్పటి జోలికి వెళ్లకండి.

ఎరుపు రంగు దిగి తెల్ల గళ్లకు అంటుతుందేమోనని భయం.

తడి తెల్లగుడ్డతో ఎర్ర ఊలును అర నిమిషం నొక్కి చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ ఊలు రంగు దిగుతుంది. కలపకముందే తెలిస్తే ఎర్ర గళ్లను విడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా చల్లనీళ్లలో జాడించండి. కలిపేశాక తెలిస్తే చల్లనీళ్లే వాడి, నానబెట్టకుండా త్వరగా ఉతికి, మడతపెట్టకుండా పరిచి ఆరబెట్టండి. ఉప్పు, వెనిగర్ వేస్తే కాటన్ రంగు నిలబడిపోతుందన్న మాట నమ్మకండి.

కుచ్చులు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. కావలసిన పొడవుకు రెండింతలు, ముడికి మరో మూడు సెంటీమీటర్లు కలిపి కత్తిరించండి. అట్టముక్కకు చుట్టి ఒక పక్క కోస్తే అన్నీ సమానంగా వస్తాయి. మెషిన్‌లో తరచూ ఉతికే దుప్పటికైతే వద్దంటాను, కుచ్చులు చిక్కుపడి ఉండలు కడతాయి.

పసిపాప కోసం అల్లాను. ఏం జాగ్రత్తలు?

కుచ్చులు, గుండీలు వద్దు. చిన్న వేళ్లు ఇరుక్కునేలా కంతలు ఉండకూడదు, లోపలి వైపు పొడవైన ఊలు తీగలు అసలే వదలకండి. ఏడాది నిండని పాప నిద్రపోయే చోట వదులుగా ఉండే దుప్పటి ఏదీ ఉంచకూడదు, అది ఊపిరికి అడ్డు పడే ప్రమాదం ఉంది. పాప మేలుకుని ఉండగా, పెద్దవాళ్ల కళ్ల ముందు నేల మీద పరచడానికి మాత్రం ఎంతో బాగుంటుంది. బహుమతిగా ఇస్తుంటే ఈ మాట కూడా చెప్పి ఇవ్వండి.

ముప్పాతిక అయ్యాక ఆపేశాను. ఎనిమిది నెలలుగా సంచిలోనే ఉంది.

సంచి తెరిచి ముందు ఏమీ అల్లకండి. హుక్ సైజు, చివరి వరుస నంబరు, మిగిలిన ఊలు, ఈ మూడూ ఒక కాగితం మీద రాయండి. హుక్ సైజు గుర్తులేకపోతే అదే ఊలుతో రెండు మూడు హుక్‌లతో చిన్న ముక్కలు అల్లి పాత వరుసల పక్కన పెట్టి పోల్చండి. ఇన్ని నెలల తర్వాత చెయ్యి మారి ఉంటుంది, అదే హుక్ దొరికినా పోల్చి చూడాల్సిందే. అనుకున్న సైజు రాలేదని ఆగారా? 180 గళ్ల బదులు 120 గళ్లతో 10 అడ్డం, 12 నిలువు పెడితే 120, 144 సెం.మీ. దుప్పటి వస్తుంది. సోఫాలో కూర్చుని కాళ్ల మీద కప్పుకోవడానికి అది సరిగ్గా సరిపోతుంది. దుప్పటి చిన్నదైనా అది మీరు పూర్తి చేసిందే.

బోర్డర్ అల్లుతుంటే మణికట్టు లాగుతోంది.

దుప్పటి బరువంతా చేతి మీద పడుతోంది. దాన్ని టేబుల్ మీదో పక్క కుర్చీలోనో పెట్టి, అల్లే అంచు మాత్రమే ఒడిలోకి తీసుకోండి. అరగంటకోసారి ఆపండి. తిమ్మిర్లు వస్తుంటే డాక్టరుకు చూపించుకోండి.

మిగిలిన ఊలు ఏం చేయాలి?

ప్రతి రంగులోనూ పది, ఇరవై గ్రాములు దాచండి, ఎప్పుడైనా కుట్టు తెగితే అతుక్కోవడానికి కావాలి. ఉతకకుండా కొత్తదిగానే దాచిన ఊలు కొన్నేళ్లకు దుప్పటి రంగుతో కలవదు, దుప్పటి వెలుస్తుంది, అది వెలవదు. అందుకే అన్ని రంగులూ చిన్న చిన్న చుట్టలుగా చుట్టి, రెండు చోట్ల వదులుగా కట్టి, ఒక వల సంచిలో వేసి దుప్పటి ఉతికినప్పుడల్లా దాంతోపాటే ఉతకండి.